గడ్డాల సైన్యం

14 అక్టోబర్ 1995, శనివారం

బండి నడపడం కంటే బండి ఆపుకొని కూర్చోవడమే ఎక్కువ అలసటగా ఉంది. ఆరింటికి జాసింని ఆసుపత్రిలో దింపి, పదిన్నర దాకా పార్కింగులో కాచుకున్నాను. ఏసీ వేసుకుంటే పెట్రోలు, వేసుకోకపోతే చెమట.

జాసిం మా అర్బాబ్, అంటే యజమాని, నాసర్‌కి తమ్ముడు. ఇరవై ఐదేళ్ళు. ఇంగ్లండులో చదువుతుండగా రెండు కిడ్నీలూ పోయాయి. చదువు మధ్యలో ఆపించి తీసుకొచ్చారు. శని, సోమ, బుధ వారాలు మిషన్ మీద రక్తం కడిగించుకోవాలి. ఈ అరబ్బు ఇంటికి వచ్చిన మూడేళ్ళూ నాసర్ పిల్లల్ని బడికీ, నాసర్ వాళ్ళ అమ్మగారిని, అంటే మామాని, బజారుకీ తిప్పాను. నెల రోజుల నుంచి నాకు జాసిం డ్యూటీ ఒక్కటే.

ఇంటికి వస్తుంటే అడిగాడు. "మస్తాన్, ఊళ్ళో ఏం పని చేసేవాడివి?" చిన్నప్పటి నుంచీ ఇంటి డ్రైవర్ల మధ్య పెరిగాడు కాబట్టి మాకంటే మంచి హిందీ మాట్లాడతాడు.

"ప్రొద్దుటూరులో లారీలకి పెయింటింగ్ భాయ్. తామరపూలు, నెమళ్ళు, నంబర్లు, ఓనర్ల పిల్లల పేర్లు."

ఇంకేం అడగలేదు. ఇంటికి రాగానే తన గదికి రమ్మన్నాడు. మంచం కింద నుంచి అట్టపెట్టె లాగాడు. అందులో సీసపు బొమ్మలు. బొటనవేలంత మరుగుజ్జులు, బొడ్డు దాకా గడ్డాలు, చేతుల్లో గొడ్డళ్ళు, సుత్తులు. ఒక్కడికీ రంగు లేదు. తొంభై ఆరుగురు. ఇంగ్లండులో స్నేహితులతో కలిసి బల్ల మీద యుద్ధాలు ఆడేవాడట. ఈ సైన్యాన్ని కొన్న వారానికే జబ్బు బయటపడిందట.

తన కుడి చేయి చూపించాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "నువ్వు వెయ్యి. ఏ రంగో నేను చెప్తాను."

16 అక్టోబర్, సోమవారం

డయాలిసిస్ వార్డులో నర్సు ఖమర్ సుల్తానా మనదే, నిజామాబాద్. ఈ ఊళ్ళోనే ఫరీజ్ బిన్ మహమూద్ పేట‌లో ఉంటుంది. పార్కింగులో కూర్చునే బదులు మంచం పక్కన స్టూలు వేసుకోమంది.

"రంగులు వాసనొస్తయా?"

"నీళ్ళ రంగులమ్మా. వాసన రాదు."

"అయితే కూసో. కింద ఒక్క చుక్క పడ్డా నువ్వే తుడవాలె."

రెండు బొమ్మలకి తెల్లటి పూత పూశాను. లారీ తలుపు మీద చేయి జాపి వేసినవాణ్ణి. ఇక్కడ ముఖం కందిగింజంత. ఊపిరి బిగబట్టి వేస్తుంటే కళ్ళు లాగాయి.

25 అక్టోబర్, బుధవారం

గడ్డం వెయ్యడం పట్టుబడింది. ముదురు రంగు వేసి ఆరనివ్వాలి. తర్వాత బ్రష్షుకి లేత రంగు అద్ది, పాత గుడ్డ మీద దాదాపు అంతా తుడిచేసి, ఆ పొడి బ్రష్షుని గడ్డం మీద అలా అలా ఆడించాలి. ఎత్తుగా ఉన్న వెంట్రుకలకే రంగు అంటుతుంది. లోపలివి చీకటిగా ఉండిపోతాయి. చచ్చిన సీసం మీద గడ్డం మొలిచినట్టుంటుంది.

జాసిం పడుకునే చూశాడు. ఎడమచేతికి రెండు గొట్టాలు, ఆ చేయి కదపకూడదు. "ఇంకో ఎర్రగడ్డంవాణ్ణి చెయ్యి," అన్నాడు. రక్తం తిరుగుతుంటే జాసింకి చలి వేస్తుంది. రెండు దుప్పట్లు కప్పాను.

ఇప్పటికి ఏడుగురు.

4 నవంబర్, శనివారం

మామా బొమ్మల్ని చూసింది. నమాజు చేసుకునే ఇంట్లో ముఖాలున్న బొమ్మలు వద్దంది. కోప్పడలేదు, జాసిం తల నిమురుతూనే చెప్పింది. అందుకని సైన్యాన్ని నా గదికి మార్చాం. గేటు పక్కన డ్రైవర్ గది, కిటికీ గట్టు మీద వరసగా నిలబెట్టాను. పొద్దున లేవగానే పద్నాలుగు గడ్డాలు నన్నే చూస్తున్నాయి.

బండిలో జాసిం ఇప్పుడు నా పక్కనే కూర్చుంటున్నాడు. ఈ ఇంట్లో మగవాళ్ళు వెనక సీట్లోనే కూర్చుంటారు.

13 నవంబర్

ఈరోజు జాసింకి బీపీ పడిపోయింది. కాళ్ళు కొయ్యబారాయని అరిచాడు. కాళ్ళు పట్టాను. రంగు వెయ్యలేదు.

19 నవంబర్, ఆదివారం

అర్బాబ్ నాసర్ తనే నన్ను ఒక ప్రైవేటు క్లినిక్కి తీసుకెళ్ళాడు. ఇకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, రెన్యువల్‌కి మెడికల్ అట. నాలుగు సీసాల రక్తం తీశారు. నాతో వచ్చిన వాళ్ళెవరికీ ఇకామాకి ఇంత రక్తం తియ్యలేదు. కొత్త రూలేమో.

దారిలో జ్యూస్ ఇప్పించాడు. సిగరెట్లు మానెయ్యమన్నాడు. "నీ ఆరోగ్యం కూడా నా బాధ్యతే కదా," అన్నాడు. అర్బాబులందరూ ఇలా ఉండరు. నాది మంచి ఇల్లు.

29 నవంబర్

మామా రోజూ నాకు వేరే పళ్ళెం పంపుతోంది. మేక లివరు, ఖర్జూరాలు, పెరుగు. "తిను, తిను," అంటుంది. నేను జాసింని బాగా చూసుకుంటున్నానని. ముప్పై ఒక్కరు అయ్యారు.

9 డిసెంబర్, శనివారం

మళ్ళీ రక్తం. పోయినసారి ఏదో సరిగ్గా రాలేదట.

సిగరెట్ మాని మూడు వారాలు. చేయి ఇంకా నిలకడగా ఉంటోంది. బెల్టు కొక్కేలకి పసుపు రంగు ఒక్క చుక్కలో పెట్టగలుగుతున్నాను. జాసిం భూతద్దం పెట్టి చూసి, "ఇంగ్లండులో కూడా ఎవరూ ఇలా వెయ్యరు," అన్నాడు. నలభై ఏళ్ళు దాటాక ఎవరైనా మెచ్చుకుంటే సిగ్గుగా ఉంటుంది.

20 డిసెంబర్, బుధవారం

నాసర్ చెప్పాడు. రంజాన్ అయ్యాక జాసింని మద్రాసు తీసుకెళ్తున్నారు, ఆపరేషన్‌కి. నేను కూడా. "తర్వాత మూడు నెలలు నీ ఊళ్ళో ఉండు. టికెట్ నాది."

మూడు నెలలు! మద్రాసు నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఇల్లు. జాసింకి తోడుగా నన్ను తీసుకెళ్తున్నారు. భాష తెలిసినవాడు ఉండాలి కదా. తమిళం నాకు రాదు, అయినా.

వార్డులో జాసింకి చెప్పాను, నేనూ వస్తున్నానని. కళ్ళు మూసుకున్నాడు. ఒంట్లో బాగాలేనట్టుంది.

22 డిసెంబర్, శుక్రవారం

బూత్ నుంచి నా భార్య హుస్సేన్‌బీతో మాట్లాడాను. వస్తున్నానంటే నమ్మలేదు.

"నిజమేనా? ఊరికే చెప్తాండావా?"

"నిజమే. మూడు నెలలు."

"రెహానా నిన్ను గుర్తుపడ్తాదో లేదో. ఏడో తరగతికొచ్చింది. నీ మాదిరే బొమ్మలు గీస్తాండాది, పుస్తకాలన్నీ పాడు చేస్తాండాది."

నవ్వుకుంటూ గదికి వచ్చాను. యాభై రెండోవాడి గొడ్డలి అంచుకి వెండి రంగు దిద్దాను.

3 జనవరి 1996, బుధవారం

జాసిం నిద్రపోతున్నాడు. ఖమర్ సుల్తానా నన్ను నీళ్ళ మిషన్ దగ్గరికి పిలిచింది.

"మస్తాన్ భయ్యా, మద్రాసు పోతున్నవంట?"

"అవునమ్మా. జాసింకి తోడుగా."

నా ముఖంలోకి చూసింది. "నీకు ఎవరూ చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

"నీ రక్తం ఎందుకు తీసిండ్రనుకుంటున్నవ్? ఇకామాకి కాదు. నీ రిపోర్టు జాసిం ఫైల్లో ఉంది. కలిసింది. నీ గుర్దా కోసం పోతున్నరు భయ్యా. కిడ్నీ."

నేను నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు.

"అక్కడ కమిటీ పెద్దలు కూసోబెట్టి అడుగుతరు, ఇష్టంతోనే ఇస్తున్నవా అని. ఏం చెప్తవో ఇప్పుడే ఆలోచించుకో. నేను చెప్పిన్నని మాత్రం అనకు. నా నౌకరీ పోతది."

వచ్చి స్టూలు మీద కూర్చున్నాను. బ్రష్షు చేతిలోనే ఎండిపోయింది.

4 జనవరి

హుస్సేన్‌బీ ఒప్పుకోదు.

6 జనవరి, శనివారం

జాసింని అడిగేశాను. ఖమర్ సుల్తానా పేరు చెప్పలేదు.

"భాయ్, మద్రాసుకి నేనెందుకు?"

పైకప్పు వైపు చూశాడు.

"నీకు తెలిసిపోయింది," అన్నాడు.

"మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"మొదటిసారి రక్తం తీసిన రోజు నుంచి. ఆ రాత్రే అన్న చెప్పాడు. వద్దన్నాను. నోరు మూసుకోమన్నాడు. అమ్మ ఏడ్చింది."

"నాకు ఒక్క మాట చెప్పలేదు."

"చెబితే నువ్వు కాదంటావు. కాదంటే..." అని ఆగి, ఎడమచేతి గొట్టాల వైపు చూశాడు. తర్వాత అన్నాడు, "అన్నకి నేను వద్దని చెప్పలేను మస్తాన్. అమ్మ ముఖం చూస్తూ చెప్పలేను. నువ్వు చెప్పు."

"నేనెలా చెప్తాను భాయ్? నా పాస్‌పోర్టు ఆయన దగ్గరుంది. నా వీసా ఆయనది."

మిషన్ కూత పెడితే ఖమర్ సుల్తానా వచ్చి ఏదో నొక్కి, మా ఇద్దరినీ చూసి వెళ్ళింది.

బొమ్మల పెట్టె అక్టోబర్లో ఇచ్చాడు. రక్తం తీసింది నవంబర్లో. పెట్టె ముందు. పెట్టె ముందు.

8 జనవరి

నలుగురికి బూట్లు వేశాను. జాసిం రంగు చెప్పలేదు. గోధుమరంగు వేశాను.

10 జనవరి, బుధవారం

కానీ నా డ్యూటీ మార్చింది సెప్టెంబర్లో. వేరే ముగ్గురు డ్రైవర్లుండగా నన్నే ఎందుకు మార్చారు? వాళ్ళలో వయసులో చిన్నవాణ్ణి నేనా? కాదు. తాగని వాణ్ణి నేను. అదీ కారణమేమో.

మామా పంపిన పళ్ళెం అలాగే ఉంచాను. మళ్ళీ ఆకలేసి తిన్నాను.

ఒక కిడ్నీతో బతకొచ్చట. ఖమర్ సుల్తానాని అడిగితే, "బతుకుతరు, చానామంది బతుకుతున్నరు," అంది. "అందరూ?" అన్నాను. "అందరూ అని నేనెట్ల చెప్త?" అంది.

12 జనవరి, శుక్రవారం

ఫోన్ చేశాను. ఇంటి పైకప్పు రేకు లేచిపోయిందట, దాని గురించి మాట్లాడుకున్నాం. రెహానా మాట్లాడింది. గొంతు మారింది.

హుస్సేన్‌బీ ఒప్పుకోదు. నాకు తెలుసు.

15 జనవరి, సోమవారం

డయాలిసిస్ నుంచి రాగానే నాసర్ అతిథుల్ని కూర్చోబెట్టే మజ్లిస్‌కి పిలిచాడు. ఈ మూడేళ్ళలో నేను ఆ గదిలో కూర్చోలేదు. తన పక్కన కూర్చోబెట్టుకొని, తనే గహ్వా, వాళ్ళ అరబ్బు కాఫీ, పోసిచ్చాడు. బల్ల మీద కాగితాలున్నాయి.

"జాసిం చెప్పాడు, నీకు తెలిసిందని. నేనే ముందు చెప్పాల్సింది. తప్పు నాది." తల వంచుకొనే మాట్లాడాడు. "అందరికంటే ముందు నాది చూశారు. కలవలేదు. మా అమ్మకి షుగర్. చెల్లెలికి పద్దెనిమిదేళ్ళు, దానిది అడగడానికి అమ్మకి నోరు రావడం లేదు. నీది కలిసింది. నీకేం కావాలో నువ్వే చెప్పు. మాఫీ ముష్కిల్, ఏ ఇబ్బందీ లేదు."

కప్పు నా చేతిలో చల్లారిపోయింది. వారం రోజులుగా కట్టుకున్న మాటలన్నీ పోయాయి.

"నా భార్య ఒప్పుకోలేదు అర్బాబ్."

"అడిగావా?"

"అడిగాను."

"ఏమంది?"

"వద్దంది. ఏడ్చింది."

అరుస్తాడేమో అనుకున్నాను. అరిస్తే బాగుండు. తల మీది గుత్రా గుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. "భార్య మాట వినాలి," అన్నాడు. కాగితాలు మడిచి లేచాడు. అంత పెద్దమనిషి చెప్పులు తొడుక్కోవడానికి రెండుసార్లు తడుముకున్నాడు.

నేను చేసింది సరైందే.

16 జనవరి

సరైందే.

17 జనవరి, బుధవారం

జాసిం వెనక సీట్లో కూర్చున్నాడు.

ఆసుపత్రి దాకా మాట లేదు. వార్డులో స్టూలు వేసుకోవాలో వద్దో తెలియక తలుపు దగ్గర నిలబడ్డాను. ఖమర్ సుల్తానా, "దారికి అడ్డం," అంది. పార్కింగులోకి వచ్చి నాలుగు గంటలు కూర్చున్నాను. బొమ్మలు డిక్కీలోనే ఉన్నాయి.

20 జనవరి

నన్ను పంపించేస్తారనుకున్నాను. పంపలేదు. ఎవరూ ఏమీ అనలేదు. మద్రాసు మాట మాత్రం ఇంట్లో లేదు. మామా పళ్ళెం రావడం లేదు. వంటింట్లో అందరితో పాటు తింటున్నాను. అన్నం అదే.

22 జనవరి, సోమవారం

రంజాన్ మొదలు. జాసిం ఉపవాసం ఉండకూడదని డాక్టర్ చెప్పాడట. పార్కింగులో నేను ఉపవాసంతో కూర్చున్నాను. లోపల అతనికి దాహం. ఆ జబ్బుకి నీళ్ళు కూడా కొలతే. రోజుకి రెండు గ్లాసులు.

3 ఫిబ్రవరి, శనివారం

ఎవరూ చెప్పకుండానే పని మళ్ళీ మొదలుపెట్టాను. గదిలో, మధ్యాహ్నం పూట. ఉపవాసంలో చేయి కొంచెం తేలికగా ఉంటుంది. అరవై తొమ్మిది. ఎందుకు వేస్తున్నానో తెలియదు. సగం ముఖాలతో నిలబడి ఉంటే చూడలేకపోతున్నాను.

10 ఫిబ్రవరి

డెబ్బై ఎనిమిది. జాసిం ఇంకా వెనక సీట్లోనే. ఈరోజు దిగేటప్పుడు కాళ్ళు తడబడ్డాయి. భుజం పట్టుకున్నాను. పట్టుకోనిచ్చాడు. చాలా తేలికైపోయాడు.

16 ఫిబ్రవరి, శుక్రవారం

ఈరోజు హుస్సేన్‌బీకి అంతా చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. బహుశా అలసిపోయాను. రక్తం, మద్రాసు, నాసర్ గహ్వా పొయ్యడం, నేనన్న మాట, అన్నీ.



"నేను ఏడిస్తినా?" అంది.

"అలా చెప్పాను."

"నన్ను అడగనే లేదే నువ్వు. అడిగింటే నేను ఏమంటుంటినో నీకు తెల్సా?"

"వద్దనేదానివి కదా?"

"ఏమో. వద్దనే అంటుంటినేమో. నాకే తెలీదు. ఆ పిల్లోడు సచ్చిపోతాడేమోనని నువ్వు చెప్పింటే, అప్పుడు ఏమంటుంటినో. అదంతా లేకుండా చేస్తివి. నన్ను ముందర నిలబెట్టి నువ్వు ఎనక దాంకుంటివి."

సరే అని పెట్టేశాను. సరే అనడం తప్పని బూత్ బయటికి వచ్చాక అనిపించింది. వెనక మనిషి అప్పటికే లోపలికి వెళ్ళాడు.

19 ఫిబ్రవరి

తొంభై ఆరు.

23 ఫిబ్రవరి, శుక్రవారం

జుమ్మా నమాజు నుంచి వచ్చి పడుకున్నాను. తలుపు కొట్టారు. జాసిం. పండక్కి కుట్టించిన తెల్ల బట్టల్లో నిలబడి ఉన్నాడు. ఈ గదికి ఎప్పుడూ రాలేదు. కూర్చోమనడానికి కుర్చీ కూడా లేదు. మంచం మీద చొక్కాలు తీశాను.

కిటికీ గట్టు దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కణ్ణీ చేతిలోకి తీసుకుని చూశాడు. కొన్నిటిని వెనక్కి తిప్పి చూశాడు. వీపు మీద కూడా నేను తక్కువ చెయ్యలేదు.

"ఇక్కడ నాతో ఆడేవాళ్ళెవరూ లేరు," అన్నాడు. "నేర్పిస్తాను. ఆడతావా?"

ఇస్త్రీ బల్ల మీద చెక్క పెట్టి దాని మీద దుప్పటి పరిచాం. తొంభై ఆరుగురిని రెండు భాగాలు చేశాడు. చెరి నలభై ఎనిమిది. ఎర్రగడ్డాలు తనవి, నల్లవి, తెల్లవి నావి. జేబులోంచి పాచికలు, టేపు తీశాడు. ఎవరు ఎన్ని అంగుళాలు నడవాలి, ఎన్ని పడితే దెబ్బ తగిలినట్టు, ఎన్ని పడితే వరస వెనక్కి పారిపోయినట్టు, అన్నీ ఓపిగ్గా చెప్పాడు. మూడుసార్లు తప్పు కదిపాను. మూడుసార్లూ దిద్దాడు.

గంట గడిచింది. టేపు చుడుతూ, బల్ల వైపే చూస్తూ అన్నాడు.

"ఒక మాట చెప్పాలి. నువ్వు ఇచ్చి ఉంటే తీసుకునేవాణ్ణి మస్తాన్. అన్నతో వద్దన్నది నిజమే. కానీ నువ్వు ఇస్తానంటే తీసుకునేవాణ్ణి. అది నీకు తెలియాలి."

పాచికలు నా చేతిలో ఉన్నాయి.

"నా భార్య వద్దనలేదు భాయ్," అన్నాను. "ఆమెని నేను అడగనేలేదు. నాకే భయం వేసింది. బల్ల మీద పడుకోబెట్టి కోస్తారంటే భయం వేసింది. అంతే. ఇంకేం లేదు."

కోపం వస్తుందనుకున్నాను. తల ఊపాడు, ఆటలో నేను ఒక రూల్ సరిగ్గా చెప్పినట్టు.

"నాకూ," అన్నాడు. "రోజూ."

బయట ఎవరో గేటు తీసి మూశారు.

"వెయ్యి," అన్నాడు. "నీ వంతే."

వేశాను. ఒకటి, రెండు పడ్డాయి. నా గొడ్డళ్ళ వరస మొత్తం వెనక్కి పారిపోవాలట. నేనే టేపు పట్టి కొలిచి ఒక్కొక్కణ్ణీ వెనక్కి జరిపాను. మూడు గంటల అస్ర్ నమాజు అజాన్ వినపడేసరికి నాకు తొమ్మిదిమంది మిగిలారు. జాసింకి ముప్పై ఒక్కరు.

ఓడినవాడే సర్దాలన్నాడు. సర్దాను. అతను గోడ పట్టుకుని లేచి, మెల్లగా నడుచుకుంటూ ఇంట్లోకి వెళ్ళాడు.

రేపు శనివారం. ఆరింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి.